డబ్బు ఆడని కాలం: ఉత్తరాంధ్ర కథలో ఆర్థిక భయం – సబ్బవరం నుంచి ఒక పఠనం

అనకాపల్లి జిల్లా సబ్బవరం ప్రాంతంలో రోజులు ఎలా ఉన్నాయని అడిగితే తరచుగా వచ్చే జవాబు ‘డబ్బు ఆడటం లేదు’. ఎరువుల కొట్టులోనూ ఇదే మాట, ఇల్లు కట్టే మేస్త్రీ నోటా ఇదే మాట, స్థలాల బేరాలు కుదిర్చే మధ్యవర్తి నోటా ఇదే మాట. ‘ఆర్థిక మాంద్యం’, ‘వృద్ధిరేటు మందగమనం’ వంటి మాటలు పత్రికలవి, పాఠ్యపుస్తకాలవి. వాటిని ఎరగక జనం వాడటం లేదనుకోవడం పొరపాటు. తమకు కావలసిన మాట తమ దగ్గరే ఉన్నందువల్ల వారికి వాటి అవసరం పడలేదు.

ఆ క్రియాపదం దగ్గర కాస్త ఆగాలి. తెలుగులో డబ్బు ఆడుతుంది, ఊపిరీ ఆడుతుంది. భయం వేసినప్పుడు కాలూ చేయీ ఆడవు. అనకాపల్లి ప్రాంతంలో చెరకు గానుగ కూడా ఆడుతుంది. ఒకే క్రియ శరీరంలోని శ్వాసకూ, చేతిలోని రూపాయికీ, పొలం గట్టున ఉన్న యంత్రానికీ సరిపోయింది. ద్రవ్య చలామణీ వేగమని అర్థశాస్త్రం ఏ భావనను చెబుతుందో, అదే ఈ మాటలోనూ ఉంది. డబ్బు ఎంత ఉందన్నది ప్రశ్న కాదు, అది చేతులు మారుతున్నదా లేదా అన్నదే ప్రశ్న. అయితే అర్థశాస్త్ర పరిభాషలో లేనిది ఒకటి ఈ మాటలో ఉంది. అది భయం. ఊపిరి ఆడనప్పటి భయమే డబ్బు ఆడనప్పుడూ కలుగుతుందని భాష ముందే చెప్పి పెట్టింది.

ఉత్తరాంధ్ర కథ ఈ భయాన్ని ఎలా పట్టుకున్నదన్నది ఈ వ్యాసం విషయం. వాదన ఒక్కటే. జాతీయ ఆర్థిక వ్యవస్థ బలహీనపడినప్పుడు సామాన్యుడికి కలిగే ఆందోళన మన మంచి కథల్లో నామవాచకంగా రాలేదు. క్రియగానూ, లెక్కగానూ వచ్చింది. అప్పు పెరగడం, ధర పడిపోవడం, రావలసినది రాకపోవడం, ఉన్నది తాకట్టుకు పోవడం అనే రూపాల్లో వచ్చింది. మన పరిశోధన మాత్రం నామవాచకాల వెంట నడుస్తున్నది. ‘ప్రపంచీకరణ కథలు’, ‘రైతు ఆత్మహత్యల కథలు’, ‘నిర్వాసిత కథలు’ అనే శీర్షికల కింద కథలను పోగు చేసి, ఆ మాట కనిపించిన కథను ఆ గంపలో వేసి, కనిపించని కథను పక్కన పెడుతున్నాం. ఈ వర్గీకరణ వల్ల సిద్ధాంత గ్రంథం అధ్యాయాలు సులువుగా కుదురుతాయి. కానీ ఆర్థిక భయం అతి గాఢంగా ఉన్న కథలు చాలావరకు ఈ గంపలకు బయటే మిగిలిపోతాయి. ‘ప్రపంచీకరణ’ అన్న పదమే ప్రతినాయకుడిగా నిలబడ్డ బలహీనమైన కథలకు మాత్రం అందులో పెద్దపీట దక్కుతుంది.

సబ్బవరాన్ని పఠన స్థానంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. పెందుర్తి శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల జాతీయ రహదారి దీని మీదుగా పోతుంది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. వంగలి గ్రామంలో పెట్రోలియం, ఇంధన రంగాల జాతీయ విద్యాసంస్థ వెలిసింది. ఒకవైపు అనకాపల్లి బెల్లం మార్కెట్టు, మరోవైపు గాజువాక దగ్గరి ఉక్కు కర్మాగారం, ఇంకొంచెం దూరంలో పరవాడ, అచ్యుతాపురం పరిశ్రమలు. పల్లె పూర్తిగా పోలేదు, పట్నం పూర్తిగా రాలేదు. చెరకు వేసే కుటుంబంలోనే ఒకరు కాంట్రాక్టు కార్మికుడిగానో, మరొకరు దుస్తుల పరిశ్రమలో కార్మికురాలిగానో ఉండటం ఈ వైపు అరుదు కాదు. కాబట్టి దేశ ఆర్థిక స్థితిలో వచ్చే ప్రతి కదలికా ఇలాంటి ఇంటిని రెండు మూడు తలుపుల నుంచి ఒకేసారి తాకుతుంది. బెల్లం ధర పడిపోయిన నెలలోనే కంపెనీలో పని తగ్గవచ్చు, అదే నెలలో పొలం పక్క స్థలం ధర పెరగనూ వచ్చు. ఈ మూడింటినీ కలిపి చెప్పే పేరు ఏదీ లేదు. అందుకే ‘డబ్బు ఆడటం లేదు’ అన్న మాట అంత అవసరమైంది.

ఈ దృష్టితో చూస్తే మన ఆధునిక సాహిత్యం మొదటి నుంచీ లెక్కల సాహిత్యమే. ఇదే జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ ‘కన్యాశుల్కం’లో మనుషులు మాట్లాడే మాటల్లో సగం బేరాలే. పెళ్ళికి ధర, సాక్ష్యానికి ధర, పరువుకు ధర. నాటకం తొలి రంగంలోనే గిరీశం అప్పులవాళ్ళకు భయపడి విజయనగరం విడిచిపోవడానికి సిద్ధపడి ఉంటాడు. అతని వాక్చాతుర్యానికి నవ్వుకుంటూ, ఆ నవ్వుకు అడుగున ఉన్న బాకీల చిట్టాను మనం చదవకుండా వదిలేస్తుంటాం.

చాసోను ఈ కోణంలో మరింత నెమ్మదిగా చదవాలి. ‘ఎందుకు పారేస్తాను నాన్నా!’ కథలో దేశం లేదు, ప్రభుత్వం లేదు, ధరల ప్రస్తావన ఉపన్యాసంగా లేదు. ఒక పిల్లవాడి చదువు ఆగింది. కారణం ఫీజు. బడి ముందునుంచి నడవవలసి వచ్చినప్పుడు వాడికి కలిగే సిగ్గు కథకు ఇరుసు. ఈ కథను బాల్య మనస్తత్వానికో, పితాపుత్ర సంబంధానికో ఉదాహరణగా చెప్పడం రివాజు. అది తప్పు కాదు, కానీ చాలదు. దిగువ మధ్యతరగతి కుటుంబం ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు మొదట దేనిని వదులుకుంటుంది అన్న ప్రశ్న ఆ కథలో ఉంది. తండ్రి తన చిన్న అలవాటును వదులుకోలేదు, కొడుకు చదువును ఆపాడు. దీనికి తండ్రిని నిందించే పని రచయిత పెట్టుకోలేదు. రోజూ కావలసిన చిన్న మొత్తం ఎలాగో దొరుకుతుంది, ఒక్కసారిగా కట్టవలసిన పెద్ద మొత్తం దొరకదు. పేదరికం గురించి తెలిసిన వారికే తెలిసే సూక్ష్మం ఇది. ‘వాయులీనం’లోనూ ఇదే తర్కం మరొక రూపంలో ఉంది. భార్య వైద్యం కోసం ఆమె ఫిడేలే అమ్ముడుపోతుంది. మిగిలిన సొమ్ముతో భర్త ఆమెకు చీర కొంటాడు. పోయినదానికీ వచ్చినదానికీ మధ్య లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. ఆ సరిపోవడంలోనే కథ అంతటి వేదన ఉంది. ఇంట్లో ఉన్న వస్తువుల్లో అత్యవసరం కానిది ఏదో తేల్చే కత్తి మొదట ఎవరి ఇష్టం మీద పడుతుందో చాసో చూపించాడు. దాన్ని కళాభిరుచి కథ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ కత్తి మనకు కనిపించదు.

రావిశాస్త్రి వేరే దారి పట్టాడు. ‘అల్పజీవి’ సుబ్బయ్యకు భయం స్వభావమా, పరిస్థితా అన్నది ఆ నవల మీద ఎప్పుడూ నడిచే చర్చ. చైతన్య స్రవంతి శిల్పం గురించి రాసినంతగా మన విమర్శకులు అందులోని రూపాయల గురించి రాయలేదు. కంట్రాక్టరు గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బు సుబ్బయ్య ఆలోచనల్లోకి మాటిమాటికీ తిరిగి వస్తుంది. చైతన్యం స్రవంతిలా ప్రవహిస్తున్నదని మనం అంటాం, నిజానికి అది అప్పు చుట్టూ సుడి తిరుగుతున్నది. జీతం మీద బతికే గుమాస్తాకు జీతం చాలని కాలంలో పుట్టే మనస్తత్వం అది. ‘సారా కథల్లో’ రావిశాస్త్రి ఈ సంగతిని బయటకు తిప్పి చూపాడు. మద్యనిషేధ చట్టం చుట్టూ పోలీసు, ప్లీడరు, దళారి, సారా అమ్ముకునే నిరుపేద స్త్రీ అందరూ కలిసి ఒక చీకటి ఆర్థిక వ్యవస్థ అయ్యారు. అందులో అందరికీ వాటా ఉంది, భయం మాత్రం అడుగున ఉన్నవారిది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రచయితకు ఈ పంపకం కోర్టు గుమ్మంలోనే కనిపించి ఉండాలి.

ఇక కాళీపట్నం రామారావు. ఈ వ్యాసానికి కేంద్రం ఆయన ‘యజ్ఞం’. 1966లో ‘యువ’లో అచ్చయిన ఈ కథ గురించి తెలుగు శాఖల్లో చెప్పని పాఠం లేదు. సుందరపాలెంలో ధర్మమండపం దగ్గర పంచాయితీ, అప్పల్రాముడు తీర్చవలసిన పాత బాకీ, ఋణదాత గోపన్న, తీర్పు చెప్పవలసిన పెద్దమనిషి శ్రీరాములునాయుడు, చివరకు సీతారాముడు తన బిడ్డను తానే చంపి తేవడం. ఈ ముగింపు చుట్టూ దశాబ్దాలుగా చర్చ నడిచింది. హింస అవసరమా, వాస్తవమా, ప్రతీకా అన్న ప్రశ్నల మధ్య కథలో అధిక భాగం ఆక్రమించిన అంశం పక్కకు పోయింది. కథలో అధిక భాగం ఒక లెక్క. బాకీ ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, ఆ ఏళ్ళలో ఊరు ఏమైంది, అప్పల్రాముడి ఇంట్లో ఎన్ని చేతులు పనిచేశాయి, ఆ చేతుల కష్టం ఎటు పోయింది అన్న విచారణే కథనమంతా.

ఇక్కడ కారా సాధించినది శిల్పపరంగా సామాన్యం కాదు. పంచాయితీ అనే గ్రామ వ్యవస్థను ఆయన ఆడిట్‌గా మార్చాడు. అప్పు తీసుకున్నవాడు ఒప్పుకున్నాడా లేదా అన్నంత వరకే పంచాయితీ అధికారం. అప్పల్రాముడు మాట్లాడటం మొదలుపెట్టాక ప్రశ్న మారిపోతుంది. నేను సోమరిని కాను, దుబారా చేయలేదు, ఇంటిల్లిపాదీ పనిచేశాం, ఊరు కూడా బాగుపడింది, మరి నేనెందుకు మునిగాను అన్నది అతని విచారం సారాంశం. దీనికి శ్రీరాములునాయుడి దగ్గర జవాబు లేదు. ఆయన చెడ్డవాడు కాకపోవడమే కథకు బలం. ఊరికి మేలు చేశానని నమ్మిన మనిషి ఆయన. ఆయన లెక్కలో ఊరు పెరిగింది, అప్పల్రాముడి లెక్కలో ఇల్లు కుంగింది. రెండు లెక్కలూ నిజమే. దేశ ఆర్థిక వ్యవస్థ గురించి ప్రభుత్వం చెప్పే మాటకూ, సామాన్యుడు అనుభవించే స్థితికీ మధ్య ఉండే అగాధాన్ని తెలుగు కథ ఇంత నిష్పాక్షికంగా మరొకచోట కొలిచిందని నేను అనుకోను.

ఆ సంవత్సరాన్ని కూడా పట్టించుకోవాలి. 1966 జూన్ 6న రూపాయి విలువను ప్రభుత్వం తగ్గించింది. డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది 7.50 అయింది. 1965–66 కరవు దేశాన్ని కుదిపింది. అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద గోధుమలు దిగుమతి అవుతున్నాయి. మూడవ పంచవర్ష ప్రణాళిక ముగిసి, నాలుగవది మొదలుకాక, మూడేళ్ళ ప్రణాళికా విరామం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో టి. అమృతరావు విశాఖపట్నంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ‘యజ్ఞం’లో రూపాయి విలువ తగ్గింపు లేదు, ఉక్కు లేదు. కథ అంతకు ముందే రాసినది కాబట్టి ఉండే వీలూ లేదు. అయినా ఆ సంవత్సరం పాఠకుడి చేతికి వచ్చిన కథ అది. ప్రణాళికల మీద నమ్మకం సడలుతున్న కాలంలో, ప్రణాళికల మాట ఎత్తకుండానే, అభివృద్ధి లెక్క ఒక కుటుంబం దగ్గర ఎందుకు తప్పుతున్నదో అడిగిన కథ. పాఠకుడు తన భయానికి అందులో రూపం చూసుకున్నాడని చెప్పడానికి సాహసం అక్కరలేదు.

ఈ పద్ధతికి ఒక అభ్యంతరం రావచ్చు. కారాయే ‘కుట్ర’ రాశాడు కదా, అందులో రాజ్యాంగం, పంచవర్ష ప్రణాళికలు, మిశ్రమ ఆర్థిక వ్యవస్థ, ప్రభుత్వ రంగం, ప్రైవేటు రంగం అన్నీ పేర్లతోనే వచ్చాయి కదా అని. నిజమే. నామవాచకాలే ఆ కథకు ముడిసరుకు. నా దృష్టిలో ‘కుట్ర’ ‘యజ్ఞం’ కన్న తక్కువ కథ, కానీ విఫలమైన కథ కాదు. తేడా ఎక్కడుందంటే, అక్కడ ఆ పెద్ద మాటలు ఒక మనిషి గొంతులో, ఎదుటివాడిని ఒప్పించాలన్న ఆరాటంతో పలుకుతాయి. ఎవరు కుట్రదారులన్న ప్రశ్న వేసి, జవాబు కోసం బడ్జెట్టును ఇంటి పద్దులా విప్పి చూపుతాడు కథకుడు. పారిభాషిక పదాన్ని లెక్కగా మళ్ళీ కరిగించే పని అక్కడ జరిగింది. తరువాతి కాలంలో ఈ ధోరణిని అనుసరించిన అనేకులు ఆ కరిగించే పని మానేశారు. పదాన్ని పదంగానే పాఠకుడి ముందు పెట్టి, దాని మీద కోపం తెచ్చుకోమన్నారు. అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, బమ్మిడి జగదీశ్వరరావు వంటి ఉత్తరాంధ్ర రచయితల మంచి కథల బలం ఆ తొందరకు లొంగకపోవడంలో ఉంది. వారిని ‘ప్రపంచీకరణ వ్యతిరేక కథకులు’ అని ఒక్క మాటలో కట్టేసినప్పుడు జరిగే నష్టం వారికన్నా మనకే ఎక్కువ.

1991ని ఈ సందర్భంలోనే చూడాలి. విదేశీ మారక ద్రవ్యం కరిగిపోయి, ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకూ బ్యాంక్ ఆఫ్ జపానుకూ పంపి అప్పు తెచ్చింది. చెల్లింపుల శేషం, రూపాయి విలువ తగ్గింపు, సంస్థాగత సర్దుబాటు అనే మాటలేవీ జనానికి అర్థం కావలసిన అగత్యం లేకపోయింది. ‘దేశం బంగారం తాకట్టు పెట్టింది’ అన్న ఒక్క వాక్యం చాలింది. ఇంట్లో బంగారం తాకట్టుకు ఎప్పుడు వెళ్తుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. వేరే దారులన్నీ మూసుకున్నాక వెళ్తుంది, విడిపించుకుంటామన్న నమ్మకంతో వెళ్తుంది, చాలాసార్లు వడ్డీ పెరిగి వేలానికి పోతుంది. ఆ అనుభవమంతా ఒక్క క్రియతో దేశానికి అంటుకుంది. ఆర్థిక శాస్త్రవేత్త దీనిని అతిసరళీకరణ అంటాడు. సాహిత్య విద్యార్థి ఇది ఉపమేయం ఉపమానాన్ని వెతుక్కున్న క్షణమని గుర్తించాలి.

‘ఐ.పి. పెట్టాడు’ అన్న మాట చరిత్ర కూడా ఇటువంటిదే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషను రెండు అక్షరాలై పల్లె నోట్లో స్థిరపడింది. అందులో చట్టం కన్న పరువు ఎక్కువ. ఐ.పి. పెట్టినవాడు బాకీ తప్పించుకుంటాడు, వీధిలో తలెత్తుకోలేడు. 2016లో వచ్చిన దివాలా స్మృతి కింద పెద్ద కంపెనీల బాకీల్లో బ్యాంకులు ఎంత వదులుకున్నాయో పత్రికల్లో వస్తూ ఉంటుంది. ఆ వదులుకోవడానికి ‘హెయిర్‌కట్’ అని పేరు. సిగ్గుపడే క్రియకూ సిగ్గెరగని నామవాచకానికీ మధ్య ఎంత దూరమో ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

‘యజ్ఞం’ తరువాతి కాలంలో మారినది బాకీ కాదు, బాకీదారుడి ఎదుట కూర్చునే మనిషి. గోపన్నకు ముఖం ఉంది, శ్రీరాములునాయుడికి ముఖం ఉంది. అప్పల్రాముడు తన ప్రశ్న ఎవరిని అడగాలో అతనికి తెలుసు. డ్వాక్రా సంఘాలు, సూక్ష్మఋణ సంస్థలు వచ్చాక అప్పు వారపు వాయిదాగా మారింది. వసూలుకు వచ్చేవాడు అప్పిచ్చినవాడు కాదు, అతనూ జీతగాడే. కట్టలేని ఇల్లాలిని నిలదీసేది తోటి సభ్యురాలు. ఆత్మహత్యలు, వేధింపుల ఆరోపణల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత సెల్‌ఫోను అప్పుల యాప్‌లు వచ్చాయి. అక్కడ మనిషే లేడు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లకుండా పోయినప్పుడు, చలామణీలో ఉన్న విలువలో 86 శాతం ఒక్క ప్రకటనతో కాగితమైపోయినప్పుడు, ‘డబ్బు ఆడటం లేదు’ అన్న మాట అక్షరాలా నిజమైంది. ఎవరినీ అడగడానికి లేక జనం వరుసలో నిలబడ్డారు. ధర్మమండపం లేని కాలంలో పంచాయితీ కథ ఎలా రాయాలన్నది ఇవాళ్టి కథకుడి శిల్ప సమస్య. దీనిని వస్తువు కొరతగా చూసేవారు సమస్యను తప్పుగా గుర్తిస్తున్నారు.

ఉక్కు కర్మాగారం విషయంలో ఇది మరింత స్పష్టం. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఈ కర్మాగారాన్ని నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు పెట్టాలని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సూత్రప్రాయంగా ఆమోదించింది. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. 1966 నాటి నినాదమే మళ్ళీ వినిపించింది. అక్షరం మారలేదు, కాలం మారింది. అప్పుడు ఆ నినాదం లేనిదాన్ని అడిగింది, ఇప్పుడు ఉన్నదాన్ని పోనివ్వనంటున్నది. ‘హక్కు’ అన్న పదం 1966లో ఆశను పలికింది, 2021లో భయాన్ని కప్పింది. ప్రాసతో బిగిసిన నినాదం ఇలా రెండు విరుద్ధ భావాలను మోయగలగడం విశేషమే. అయితే ఆ బిగువు వల్లనే అది భయాన్ని విప్పి చూపలేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని కేంద్రం ప్రకటించింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద ఆందోళనలు జరిగాయి. కర్మాగారం నిలిచిందన్న వార్తా, అందులో పనిచేసే మనిషి నిలవలేదన్న వార్తా ఒకే ఏడాదివి. సుందరపాలెం బాగుపడిందన్న లెక్కా, అప్పల్రాముడి ఇల్లు కుంగిందన్న లెక్కా మళ్ళీ ఎదురెదురుగా నిలిచాయి. ఇది నినాదంలో పట్టదు. కథలో పడుతుంది.

ఈ సందర్భంలో గణాంకాలను తోసిపుచ్చడం నా ఉద్దేశం కాదు. 2022–23లో దేశ వృద్ధిరేటు దాదాపు 7 శాతమని అధికారిక లెక్క. అదే ఏడాది కుటుంబాల నికర ఆర్థిక పొదుపు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 5 శాతానికి దిగిందని రిజర్వు బ్యాంకు తొలి అంచనా. రెండేళ్ళ కిందట అది 11 శాతం పైన ఉండేది. కరోనా కాలంలో ఖర్చు పెట్టే వీలు లేక పొదుపు అసాధారణంగా పెరిగిందని, కొందరు ఆ సొమ్మును ఇళ్ళ మీద, స్థలాల మీద పెట్టారని దీనికి వివరణలు ఉన్నాయి. అవి సబబైన వివరణలే. అయినా చేతిలో డబ్బు ఆడటం లేదన్న మాటను అమాయకుల భ్రమగా కొట్టివేసే వీలు ఆ అంకెల తరువాత ఎవరికీ లేదు. జనం మాటకు గణాంకం సాక్ష్యం చెప్పింది, కాస్త ఆలస్యంగా.

స్థలాల మాట వచ్చింది కాబట్టి సబ్బవరం దగ్గరకు మళ్ళీ రావాలి. రహదారి విస్తరించాక ఇక్కడి పొలానికి రెండు ధరలు. పండే పంట చెప్పే ధర ఒకటి, లేఅవుటు చెప్పే ధర మరొకటి. ఈ రెండింటి మధ్య పొంతన లేదు. తుమ్మపాల చక్కెర కర్మాగారం మూతపడింది. గోవాడ సహకార కర్మాగారం బకాయిల కోసం చెరకు రైతులు రోడ్డెక్కిన సందర్భాలు ఉన్నాయి. బెల్లం వండేవారు ఏటికేడాది తగ్గితే అనకాపల్లి మార్కెట్టులో కళాసీల పనీ తగ్గుతుంది. ఇటువంటి చోట కాగితం మీద లక్షాధికారి అయిన రైతు విత్తనానికి చేబదులు అడుగుతాడు. అమ్మితే కొడుకుకు ఏం మిగులుతుందన్న భయం, అమ్మకపోతే ధర పడిపోతుందేమోనన్న భయం రెండూ ఒక గుండెలోనే ఉంటాయి. అప్పల్రాముడికి భూమి పోతుందని భయం. ఇతనికి భూమి ధర పెరిగినా భయమే. ఈ రెండవ భయానికి తెలుగులో ఇంకా సరైన క్రియ లేదు. పాత భయాలకు ఉన్న మాటలనే దీనికీ వాడుకుంటున్నాం, అవి సరిగా అతకడం లేదు. రచయిత పని ఇక్కడ ఉంది. విమర్శకుడు చేయగలిగినది, ఆ అతకని చోటును చూపడమే.

పరిశోధకుల వైపు నుంచి చేయదగిన పని మాత్రం స్పష్టంగా ఉంది. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కారా ప్రారంభించిన కథానిలయంలో పాత వార, మాస పత్రికల కథలు పోగుపడి ఉన్నాయి. అక్కడ మనం ఇన్నాళ్ళూ రచయిత పేరుతోనో, వాదం పేరుతోనో వెతికాం. ఒకసారి సంవత్సరం పేరుతో వెతకవచ్చు. 1966 జూన్ నుంచి డిసెంబరు వరకు, 1991 రెండవ సగం, 2016 నవంబరు తరువాతి ఏడాది అనే మూడు ముక్కలు తీసుకుని, ఆ నెలల్లో వచ్చిన కథలన్నీ, ప్రేమకథలూ హాస్యకథలూ సహా, వరుసగా చదివి, వాటిలో ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఏ వస్తువు తాకట్టుకు పోయిందో, ఏ ఖర్చు ముందు ఆగిందో పట్టిక వేయవచ్చు. మొదట వెతకవలసినవి ఏ శీర్షిక కిందా చేరని కథలు.